ఒక్క కాగితం, 32 గళ్లు: స్ప్రైట్ షీట్ నుంచి ఫ్రేములు కోయడం

ఫోన్‌లో గేమ్ ఆడేటప్పుడు బొమ్మ నడుస్తుంది, దూకుతుంది, కిందపడుతుంది. నిజానికి అక్కడ ఏదీ కదలదు. చేతులు కాళ్లు వేర్వేరు భంగిమల్లో ఉన్న బొమ్మలు కొన్ని ముందే గీసి పెట్టుకుంటారు, వాటిని ఒకదాని తర్వాత ఒకటి గబగబా చూపిస్తారు. ఆ ఒక్కో బొమ్మ పేరు ఫ్రేమ్. అన్ని ఫ్రేములనూ విడివిడి ఫైళ్లుగా ఉంచకుండా, ఒకే పెద్ద బొమ్మలో వరసలు వరసలుగా పేర్చి పెడతారు. దాని పేరే స్ప్రైట్ షీట్. (స్ప్రైట్ అంటే కూల్ డ్రింక్ కాదు. ఇంగ్లీషులో గాలిలో తేలే చిన్న దేవకన్యలాంటిదాన్ని అలా అంటారు. గేమ్‌లో బొమ్మ కూడా వెనకున్న చెట్లనూ గోడలనూ తాకకుండా వాటి మీద తేలుతున్నట్టు ఉంటుంది కదా, అందుకు ఆ పేరు.)

ఒకే షీటు ఎందుకంటే, వంద చిన్న ఫైళ్లు తెరవడం కన్నా ఒక పెద్ద ఫైలు తెరిచి, అందులో ఈ మూల నుంచి ఇంత వెడల్పు, ఇంత ఎత్తు చూపించు అని చెప్పడం మెషీన్‌కు తేలిక. గేమ్‌కు అది చాలు. కానీ మనకు ఆ ఫ్రేములు విడిగా కావాలంటే షీటును కోయాలి. ఈ కోత గురించే నేను రాస్తున్నది. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద ఇదేంటని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా, చివరికి ఇది తలకట్టు దగ్గరికే వస్తుంది.

నాకు ఈ పని ఎందుకు పడిందంటే, గుడియాత్తంలో మా పిన్నమ్మ కొడుకు నాలుగో తరగతి. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు, ఒక్క తెలుగక్షరం రాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి. వాడి స్కూల్లో తమిళం, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు. పుస్తకం ఇస్తే "జిలేబీలు" అని పక్కన పెట్టేస్తాడు. ఫోన్ ఇస్తే మాత్రం కదలడు. సరే, అక్షరం తనంతట తాను రాసుకునే బొమ్మ ఒకటి చేసి ఫోన్‌లో పెడదామనుకున్నా. యానిమేషన్ రాదు నాకు. అందుకని ముందు గేమ్ వాళ్లు చేసిన షీటును కోయడం నేర్చుకున్నా.

షీటు చూపించి ఇదేంటో మా అవ్వకు వివరించబోతే ఆమె సగంలోనే ఆపేసింది. "లేబుల్ కాగితమే గదా పాపా ఇది!" అంది. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు. అవ్వ చిన్నప్పుడు ఇంట్లోనే అగ్గిపెట్టెల పని చేసేదట. లేబుళ్లు ఒకే పెద్ద కాగితం మీద పక్కపక్కనే అచ్చయి వచ్చేవి, కోసి అంటించాలి. "కోత రవ్వంత తప్పితే పక్క లేబుల్ రంగు అంచులో వచ్చేస్తాది. ఒకటి తప్పితే ఆ వరసంతా తప్పే" అంది. ఇంటర్నెట్‌లో నేను చదివిన వివరణల్లో ఏదీ ఇంత సూటిగా లేదు.

నేను నేర్చుకున్న షీటు గురించి చెప్తా. 2012లో క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, మొజిల్లా, ఓపెన్ గేమ్ ఆర్ట్ కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ అని ఒక పోటీ పెట్టాయి. ఎవరైనా వాడుకోగల గేమ్ బొమ్మలు తయారు చేయించడం దాని ఉద్దేశం. ఆ బొమ్మల నుంచి పుట్టిన మనిషి షీటు ఒకటి ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. దాని కొలత 832 పిక్సెళ్ల వెడల్పు, 1344 పిక్సెళ్ల ఎత్తు. ఒక్కో గడి 64 పిక్సెళ్ల చదరం. భాగించి చూడండి, అడ్డంగా 13 గళ్లు, నిలువుగా 21 వరసలు. మొత్తం 273 గళ్లు.

అయితే 273 బొమ్మలు లేవు! మంత్రం వేసేదానికి ఒక్కో దిక్కుకు 7 ఫ్రేములు, ఈటెతో పొడిచేదానికి 8, నడకకు 9, కత్తి విసిరేదానికి 6, బాణం వేసేదానికి 13. ఇవన్నీ నాలుగేసి దిక్కులకు. చివరి వరసలో కిందపడిపోయే బొమ్మ ఒక్క దిక్కుకే, 6 ఫ్రేములు. కూడితే 178. మిగతా 95 గళ్లు ఖాళీ. బాణం వరస ఒక్కటే చివరిదాకా నిండుతుంది, దానికోసం అన్ని వరసలూ 13 గళ్ల పొడవు ఉండాల్సి వచ్చింది. ఇది తెలియక నేను మొదటిసారి మొత్తం కోసేస్తే ఫోల్డర్లో 273 ఫైళ్లు పడ్డాయి, మూడోవంతు ఖాళీ బొమ్మలు. పైగా ఫైళ్ల పేర్లు 1, 10, 11, తర్వాత 2 అని వరసపెట్టుకుంటే నడవాల్సిన మనిషి గంతులేశాడు. 001, 002 అని ముందు సున్నాలు పెట్టి నంబర్లు ఇవ్వాలి.

నేను వాడింది లిబ్రెస్ప్రైట్. ఎసెప్రైట్ అనే సాఫ్ట్‌వేర్ పాత కోడ్ నుంచి చీలి వచ్చిన ఉచిత రూపం ఇది. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకునే వీల్లేనివాళ్లకు పిస్కెల్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అదీ ఉచితమే. లిబ్రెస్ప్రైట్‌లో ఫైల్ మెనూలో ఇంపోర్ట్ స్ప్రైట్ షీట్ అని ఉంటుంది. అది అడిగేవి కొన్నే. అడ్డ వరసా, నిలువు వరసా, వరసల వారీగా మొత్తమా; ఎక్కడ మొదలుపెట్టాలి; గడి వెడల్పెంత, ఎత్తెంత. నాకు మన వైపు నడిచొచ్చే మనిషి కావాలి. ఈ షీటులో దిక్కుల క్రమం అటు తిరిగినవాడు, ఎడమ, మన వైపు, కుడి. మన వైపు నడక పై నుంచి 11వ వరస. దాని పైన పది వరసలున్నాయి కాబట్టి పై నుంచి 640 పిక్సెళ్లు వదలాలి. ఎడమ నుంచి సున్నా, గడి 64, 64, అడ్డ వరస. అంతే, నొక్కితే ఫ్రేములు వచ్చేస్తాయి. ఖాళీవి తీసేస్తే 9.

ఆడించి చూస్తే మనిషి బాగానే నడుస్తున్నాడు, కానీ ప్రతి చుట్టుకీ ఒకసారి తట్టుకున్నట్టు ఆగుతున్నాడు. అరగంట పట్టింది నాకు. తప్పు కోతలో లేదు. తొమ్మిదిలో మొదటి ఫ్రేమ్ నడక కాదు, ఊరికే నిలబడ్డ భంగిమ. నడక మిగతా ఎనిమిదే. ఎడమ నుంచి సున్నా బదులు 64 వదిలి కోస్తే సాఫీగా నడిచాడు.

ఇలాంటిదే 1878లోనూ ఉంది. అమెరికాలో పాలో ఆల్టో దగ్గర ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా పెట్టిన కెమెరాలతో ఫోటోలు తీసి, అన్నిటినీ ఒకే అట్ట మీద గళ్లలో అచ్చువేశాడు. ఆ లెక్కన అదీ ఒక స్ప్రైట్ షీటే. అందులో 12 గళ్లుంటే 12వదాంట్లో గుర్రం నిలబడి ఉంటుంది. దాన్ని ఇప్పుడు కదిలించి చూపించేవాళ్లు 11 మాత్రమే వాడతారు. గళ్లు ఎన్నో చూస్తే చాలదు, ఏ గడిలో ఏముందో కూడా చూడాలి.

మన తోలుబొమ్మలాటలో పద్ధతి వేరు. నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్లకు తెలుసు, చేతులు కాళ్లు వేరే ముక్కలుగా చేసి కీళ్ల దగ్గర కడతారు, ఒక్క బొమ్మే కదులుతుంది. గేమ్‌లలో కూడా ఆ రకం ఉంది, స్కెలిటల్ యానిమేషన్ అంటారు. దానికి కోసే పని ఫ్రేముల్లో కాదు, అవయవాల్లో. అది వేరే వ్యాసం.

ఇక మా ఇంటి షీటు. ఇద్దరం కలిసి చేశాం, అవ్వ రాసింది, నేను కోశాను. అవ్వ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నావి తమిళం రాసే చేత్తో రాసినట్టు మూలలు తేలి ఉంటాయి. అందుకే ఆమె చేతే రాయిద్దామనుకున్నా. గ్రాఫ్ కాగితం మీద రెండున్నర సెంటీమీటర్ల గళ్లు, అడ్డంగా 8, నిలువుగా 4, పెన్సిల్‌తో గీశా. మొదటి వరస అ, తర్వాత ల, వ్వ, ప. వాడికి ముందు రాయాలనిపించే రెండు మాటలు అవ్వ, పలక. క తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నా. మొదటి గడిలో అక్షరంలో కొంచెం, రెండో గడిలో ఇంకొంచెం, ఎనిమిదో గడికి పూర్తి అక్షరం రాయమన్నా.

అవ్వ రెండో గడిలోనే మొత్తం అ రాసేసింది. మళ్లీ చెప్పా. మళ్లీ రాసేసింది. "సగంలో ఆపమంటే చెయ్యి ఆగదే" అని ఆమెకే నవ్వొచ్చింది. చివరికి ఎనిమిది గళ్లలోనూ ఎనిమిది పూర్తి అక్షరాలు రాయమన్నా. మొదటి గడిలో మొదటి కొస తప్ప మిగతాదంతా చెరిపేయడం, రెండో గడిలో ఇంకొంచెం ఎక్కువ ఉంచడం, అదంతా కంప్యూటర్లో నేను చూసుకుంటానని చెప్పా.

కాగితాన్ని జిరాక్స్ షాపులో 300 డీపీఐతో స్కాన్ చేయించి, గడి 295 పిక్సెళ్లని పెట్టి కోశాను. ఎన్ని తప్పులు ఉండొచ్చో అన్నీ అందులో ఉన్నాయి.

మొదటిది లెక్క. అంగుళానికి 300 పిక్సెళ్లంటే రెండున్నర సెంటీమీటర్లకు 295 కాదు, 295.28. టూల్ చుక్క తర్వాతి అంకె తీసుకోదు. ఎనిమిదో గడికి వచ్చేసరికి రెండు పిక్సెళ్లు జరిగింది. ఇది కంటికి పెద్దగా కనపడదనుకోండి. రెండోది అసలు దెబ్బ. కాగితం స్కానర్ మీద కొంచెం వంకరగా పడింది. ఒక్క డిగ్రీ వంగినా 2,000 పిక్సెళ్ల దూరం వెళ్లేసరికి 35 పిక్సెళ్లు కిందికి దిగుతుంది. అక్షరం రాసుకుంటూ రాసుకుంటూ మెట్లు దిగినట్టు కిందికి పోయింది. కోసే ముందు షీటును తిప్పి సరిచేయాలి, ఆ తర్వాతే కొలత.

మూడోది తెలుగుకే సొంతమైన చిక్కు. మూడో వరసలో వ్వ ఉంది. వ గడిలో సరిపోయింది, దాని కింద వత్తు గీత దాటి నాలుగో వరసలోకి దిగింది. కోశాక వ్వ లకు వత్తు తెగిపోయింది. ఆ ముక్క కింద ఉన్న ప నెత్తిన పడింది. ప కు రెండు తలకట్లు! అవ్వ చెప్పిన పక్క లేబుల్ రంగు ఇదే. గేమ్ మనిషికి చదరపు గడి చాలు. గుడులు పైకీ వత్తులు కిందికీ పోయే లిపికి చాలదు. రెండోసారి తెల్ల కాగితం మీద స్కేలుకు అంగుళాలున్న వైపు పెట్టి, అంగుళం వెడల్పు, అంగుళంన్నర ఎత్తు గళ్లు గీశా. అంటే సరిగ్గా 300, 450 పిక్సెళ్లు, చుక్క తర్వాత ఏమీ లేదు. అడ్డంగా 8 అంగుళాలు ఏ4 కాగితంలో పడతాయి. అక్షరం కూర్చోవాల్సిన చోట ప్రతి గడిలో పెన్సిల్‌తో సన్నటి గీత కూడా గీశా, స్కాన్‌కు ముందు చెరిపేశా.

ఈ మధ్యలో ఒక అడ్డదారి కూడా తొక్కా. కొన్ని టూల్స్‌లో గడి కొలత చెప్పే పనే లేదు. యూనిటీలో ఆటోమేటిక్ అనే పద్ధతి అలాంటిదే. చుట్టూ ఖాళీ ఉండి, లోపల ఒకదానికొకటి అంటుకున్న పిక్సెళ్ల ముద్ద ఎక్కడుంటే దాన్ని ఒక బొమ్మగా తీసుకుంటుంది. గళ్లు లేకుండా అడ్డదిడ్డంగా పేర్చిన షీట్లకు ఇది మంచి పద్ధతి. ఇదే రకం చిన్న ఉచిత టూల్ ఒకటి దొరికితే కాగితాన్ని దానికిచ్చా. 32 ఫ్రేములు రావాల్సింది 48 వచ్చాయి. వ్వ లు ఎనిమిదీ వ వేరు, వత్తు వేరు అయిపోయాయి. ప లు ఎనిమిదింటికీ తలకట్లు ఊడొచ్చాయి. అవ్వ రాసే ప లో తలకట్టు ఒంటిని అంటదు, పైన విడిగా ఉంటుంది. మెషీన్‌కు అది వేరే బొమ్మ.

తలకట్టు లేని ఆ ఎనిమిది ముక్కలనూ చెరిపేయబోతుంటే మా తమ్ముడు స్క్రీన్ మీద వేలు పెట్టి, "అక్కా, ఇది తమిళ ప గదా, నాకొచ్చు" అన్నాడు. చూస్తే నిజమే. మూలలు కొంచెం గుండ్రంగా ఉన్నాయి, అంతే తేడా. వెంటనే పక్క ఫోల్డర్లో ఊడిపోయిన తలకట్టు తెచ్చి దాని పైన పెట్టా. "ఇప్పుడు?" "ఇప్పుడు జిలేబీ" అన్నాడు. తీసేశా. "ప." పెట్టా. "తెలుగు ప." పది నిమిషాలు ఇదే ఆట. పుస్తకం ముందేసుకుని నేను మూడు నెలలు తంటాలు పడ్డది ఆ తప్పు కోత వల్ల జరిగింది. ఆ ఎనిమిది ముక్కలు చెరపలేదు. ప వరసలో మొదటి ఫ్రేములు తలకట్టు లేని ప, చివరి రెంటిలో తలకట్టు వచ్చి చేరుతుంది. ఇది మన ఇళ్లల్లో పిల్లలకే పనికొస్తుంది, అనంతపురం పిల్లాడికి ఇందులో ఏమీ ఉండదు.

ట్రిమ్ అనే బటన్ గురించి కూడా చెప్పాలి. ప్రతి ఫ్రేమ్ చుట్టూ ఖాళీ కత్తిరించి ఫైలు చిన్నది చేస్తుంది. గేమ్ వాళ్లు కత్తిరించినా ఎంత కత్తిరించామో లెక్క వేరే ఫైల్లో రాసి పెట్టుకుంటారు, ఆడించేటప్పుడు మళ్లీ అదే చోట నిలబెడతారు. ఆ లెక్క లేకుండా ట్రిమ్ చేస్తే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో సైజు అవుతుంది, అన్నీ మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి, అక్షరం అటూ ఇటూ ఎగురుతుంది. మనకు ఫైలు సైజు బాధ లేదు కాబట్టి ఆ జోలికే పోవద్దు. అలాగే షీటును ఫోన్‌లో మెసేజ్‌గా పంపేటప్పుడు ఫోటోగా పంపకండి, డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే జేపెగ్ అయిపోతుంది, వెనక పారదర్శకంగా ఉన్నదంతా నలుపో తెలుపో రంగు పూసుకుంటుంది, అంచుల్లో బూజు పట్టినట్టు చుక్కలొస్తాయి.

ఇంకొకటి. కోయడం వచ్చింది కదా అని దొరికిన ప్రతి గేమ్ షీటూ మనది కాదు. నెట్‌లో పెద్ద కంపెనీల గేమ్‌ల నుంచి లాగిన షీట్లు కుప్పలుగా ఉన్నాయి. నేర్చుకోవడానికి మన కంప్యూటర్లో కోసి చూసుకోవడం వేరు, కాలేజీ ఫంక్షన్ వీడియోలో వేయడం వేరు. లిబరేటెడ్ పిక్సెల్ కప్ బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు, కానీ గీసినవాళ్ల పేర్లు వేయాలి, మార్చి పంచిపెడితే అదే షరతుతో పంచాలి. అవ్వ అక్షరాలకు పేరు వేయాలా అని అడిగితే, "నా పేరెందుకు, అవి అందరి అక్షరాలు గదా" అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు గానీ, చేతిరాత ఆమెదే, కాబట్టి చివరి ఫ్రేమ్ కింద పేరు వేశాను.

వేగం సంగతి. గేమ్ నడకకు ఫ్రేముకు పదో వంతు సెకను సరిపోయింది. అక్షరానికి అది మరీ వేగం, ఎనిమిది ఫ్రేములూ సెకను లోపే అయిపోతే వాడు ఏం చూస్తాడు? ఫ్రేముకు 400 మిల్లీసెకన్లు పెట్టా, చివరి ఫ్రేముకు మాత్రం పూర్తిగా ఒక సెకను. లిబ్రెస్ప్రైట్‌లో ఒక్కో ఫ్రేముకు ఒక్కో సమయం ఇవ్వొచ్చు. తర్వాత గిఫ్ ఫైలుగా చేసి పంపితే ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది.

పూర్తయ్యాక చూస్తే అక్షరం రాసుకుంటూ సన్నగా వణుకుతోంది. ఎనిమిది గళ్లలో ఎనిమిది వేరే అ లు కదా, ఏ రెండూ ఒకటి కావు. చేత్తో గీసే యానిమేషన్‌లో ఇది మామూలే. పోగొట్టాలంటే ఎనిమిదో అక్షరం ఒక్కటే తీసుకుని, దాన్నే ఎనిమిది కాపీలు చేసి చెరుపుకుంటూ రావాలి. అలా కూడా ఒకటి చేశాను. నేర్చుకోవడానికి అదే మంచిది, పెన్ను ఎటు పోతుందో స్పష్టంగా తెలుస్తుంది. వాడు రాయడం ప్రాక్టీస్ చేసేది దాన్ని చూసే. ఫోన్‌లో తెరిచి ఊరికే చూసేది మాత్రం వణికేదాన్ని. "ఇది అవ్వ రాసింది, అది నువ్వు చేసింది" అంటాడు.

ఇప్పటికి అ, ల, వ్వ, ప వచ్చాయి వాడికి. పలకకు క ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ గుడియాత్తం బస్సెక్కాలి. ఈసారి క, మ, త తో పాటు స్త్ర కూడా రాయించమని పిన్నమ్మ అంటోంది, స్త్రీ అని రాయడం నేర్పాలట. కింద రెండు వత్తులు. అంగుళంన్నర గడి దానికి చాలదు. రెండంగుళాలకు గీసుకోవాలి.